ఇంటివద్ద విశ్రాంతి

ఆసుపత్రినుండి రోగిని ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితంలో చివరి పంక్తి తరచుగా ఒక్కటే: ఇంటివద్ద విశ్రాంతి తీసికొనవలెను. రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీ కాగితంలో కూడ ఇదే పంక్తి ఉంటుంది. ఏ మాత్ర ఏ పూట వేసికొనవలెనో, కట్టు మార్చుటకు ఏనాడు రావలెనో వివరంగా వ్రాసిన కలము ఇక్కడికి వచ్చేసరికి తొందరపడుతుంది. ఎన్నాళ్లు విశ్రాంతి? ఏయే పనులు మానవలెను? ఆమె మానిన పనిని ఎవరు చేయవలెను? ఈ మూడు ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు లేదు. మందుచీటీలో వ్రాసిన మాత్రను ఇంటివారు అప్పుచేసి అయినా కొని తెస్తారు. విశ్రాంతిని ఏ అంగడిలో కొనవలెనో వారికి ఎవరూ చెప్పలేదు.

ఆ పంక్తిని దయతో వ్రాసిన మాటగా మనం చదువుతూ వచ్చాము. అది బాధ్యతను తప్పించుకొనే మాట అని నా వాదము. కోలుకొనుట చికిత్స ముగిసిన తరువాత వచ్చే తీరిక కాదు. అది చికిత్సలో భాగము. అందులో తక్కిన భాగాలకు వైద్యుడున్నాడు, దాది ఉన్నది, లెక్కల పుస్తకమున్నది. ఈ భాగాన్ని మాత్రం రోగి నెత్తిన పెట్టి తలుపు మూసివేసినారు.

ఈ మాటను నేను ఫరీదాబాదును ముందుంచుకొని చెబుతున్నాను. అందుకు కారణమున్నది. ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఈ పారిశ్రామిక నగరం పుట్టుకయే కోలుకొనుటకై జరిగిన పుట్టుక. దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వాయవ్య సరిహద్దు రాష్ట్రమునుండి, బన్నూ మొదలైన ఊళ్లనుండి వచ్చిన వేలాది కుటుంబాలకు 1949 తరువాత ఇక్కడ కొత్త పట్టణం వెలసినది. దానికై ఏర్పడిన అభివృద్ధి మండలికి బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షత వహించినారు. నెహ్రూ స్వయంగా శ్రద్ధ వహించినారు. కమలాదేవీ చట్టోపాధ్యాయ నడిపిన సహకార సంఘం అందులో పాలుపంచుకొన్నది. శరణార్థులు తమ ఇండ్లను తమ చేతులతో కట్టుకొన్నారు. తమ నాయకుడైన బాద్షాఖాన్ పేరు పెట్టిన ఆసుపత్రి ఆ రోజులలోనే అక్కడ నిలిచినది. దెబ్బతిన్న మనిషికి “వెళ్లి విశ్రాంతి తీసికో” అని చెబితే చాలదనీ, నిలువ నీడ, చేయ పని, చూచుకొనే మనిషి, వీటన్నిటికీ ఒక ఏర్పాటు కావలెననీ ఈ ఊరు పుట్టినప్పుడే పెద్దలు ఎరుగుదురు. దానికి పునరావాసమని పేరుపెట్టినారు. ఆ ఊరిలోనే నేడు రొమ్ము కోయించుకొన్న స్త్రీ తన పునరావాసాన్ని తానే చేసికొనవలసి వస్తున్నది.

ఆసుపత్రులు లేవనే మాట నేను అనను. 2015లో ఇక్కడ కార్మిక బీమా సంస్థవారి వైద్యకళాశాల వెలసినది. 2022 ఆగస్టులో అమృత ఆసుపత్రి ప్రారంభమైనది. 2015లోనే ఢిల్లీ మెట్రో ఇక్కడికి వచ్చినందువల్ల రాజధానిలోని పెద్ద ఆసుపత్రులు కొంత దగ్గరైనవి. కొరత ఆసుపత్రి గుమ్మం దాటిన తరువాత మొదలవుతుంది. ఒక గది ఇల్లు. నీటి సరఫరా వచ్చే వేళకు పట్టవలసిన బిందెలు. పొద్దున్నే ఫాక్టరీకి పోయే భర్తకు కట్టవలసిన రొట్టెలు. బడికి పోయే పిల్లలు. మంచాన ఉన్న అత్తగారు. కార్మికుల బస్తీలలో ఇల్లంటే ఇదే. పురుషునికి ఇల్లు పని ముగిసిన తరువాత చేరే చోటు. స్త్రీకి అది పని మొదలయ్యే చోటు. ఫాక్టరీలో గాయపడిన కార్మికుని అదే యంత్రంముందు పడుకోబెట్టి “విశ్రాంతి తీసికో” అంటే మనం నవ్వుతాము. ఆమె విషయంలో మనం చేస్తున్నది అదే.

ఇది నలుగురి సంగతి కాదు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము కాన్సరు కనిపించినది. ఆ సంవత్సరమే సుమారు 98,000 మంది దానివల్ల మరణించినారు. మన స్త్రీలకు వచ్చే కాన్సరులలో మొదటి స్థానం దీనిదే.

శస్త్రచికిత్స తరువాత ఆ శరీరానికి ఏమి కావలెనో మొదట చూతము. రొమ్ముతోపాటు చంకలోని లింఫు గ్రంథులను తీసివేసినప్పుడు గాయంలో ఊరే నీరు బయటికి పోవుటకు ఒక గొట్టం పెట్టి, దాని కొనకు చిన్న డబ్బా తగిలించి ఇంటికి పంపుతారు. ప్రతిదినము ఆ నీటిని కొలిచి, వ్రాసి, పారబోసి, మరల తగిలించవలెను. నీరు తగ్గినదాకా గొట్టం ఉంటుంది. అది వారం కావచ్చును, రెండు వారాలు కావచ్చును. చంకలో నుండి పోయే నరము తెగినచో, లేక నలిగినచో, పై చేతి లోపలి వైపు మొద్దుబారి, వేడి తగిలినా వెంటనే తెలియదు. భుజము బిగుసుకొంటుంది. తల దువ్వుకొనుటకు, రవికె వెనుక ముడి వేసికొనుటకు, అలమారు పై అర అందుకొనుటకు చేయి లేవదు. లింఫు పారే దారి చెడినందున కొందరికి నెలల తరువాతనో సంవత్సరాల తరువాతనో చేయి వాచి బరువెక్కుతుంది. అందుకే కొన్ని వారాలపాటు బరువులు ఎత్తవద్దని వైద్యులు చెబుతారు. నిండు నీళ్ల బాల్చీ పదిహేను కిలోలకు తక్కువ తూగదు.

వీటిలో దేనినీ చిన్న చిక్కుగా తీసివేయుటకు వీలులేదు. గాయము మానకుండా చీము పట్టినచో ఆ తరువాత ఇవ్వవలసిన మందుల చికిత్స వెనుకబడుతుంది. కిరణచికిత్స చేసేటప్పుడు రోగి సాధారణంగా చేతిని తలపైకి ఎత్తిపెట్టి కదలకుండా పడుకొనవలెను. భుజము బిగిసినవారు ఆ చేతిని ఎత్తలేరు. ఎత్తలేనప్పుడు చికిత్సయే ఆగుతుంది. అనగా వంటింటిలో జరిగిన అపచారం యంత్రం గదిలో తేలుతుంది. ఎంతో నేర్పుతో చేసిన శస్త్రచికిత్స ఫలాన్ని ఒక బిందె, ఒక పిండిముద్ద, ఒక బట్టల మూట చెరచగలవు. ఇంత తెలిసి కూడ ఇంటివద్ద జరిగేదానిని వైద్యం కాదనుట ఏమి న్యాయము?

శస్త్రవిద్య తన వంతు కొంతవరకు చేసినది. పందొమ్మిదవ శతాబ్దం చివర అమెరికాలో హాల్‌స్టెడ్ నెలకొల్పిన పద్ధతిలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను కూడ తీసివేసేవారు. దాదాపు ఎనభై ఏండ్లు అదే మార్గమని లోకం నమ్మినది. ఇటలీలో వెరొనేసీ 1981లోను, అమెరికాలో ఫిషర్ 1985లోను ప్రకటించిన పరిశోధనలు, వ్యాధి చిన్నగా ఉన్నప్పుడు గడ్డను మాత్రం తీసి కిరణచికిత్స ఇచ్చినా బ్రదుకు తగ్గదని రుజువు చేసినవి. చంకలో అన్ని గ్రంథులకు బదులు మొదటి గ్రంథులను మాత్రం పరీక్షించే పద్ధతి తరువాత వచ్చినది. గాయాన్ని తగ్గించుటకు వైద్యులు తమ నమ్మకాలను తామే కాదనుకొన్నారు. అదే కాలంలో ఆ గాయాన్ని మోసికొని పోయే ఇంటిలో ఏమి మారినది? గ్యాసు పొయ్యి వచ్చినది, మిక్సీ వచ్చినది. వాటిముందు నిలుచుండే మనిషి మారలేదు.

లెక్క కావలెనన్నవారికి లెక్క ఉన్నది. 2024లో కేంద్రప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో, కూలి లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీ దినానికి సగటున 289 నిమిషాలు అందులో గడుపుతున్నదని తేలినది. పురుషునికి 88 నిమిషాలు. అదికూడ ఆ పనిలో చేయి పెట్టిన పురుషుల సగటు మాత్రమే, పెట్టనివారు ఆ లెక్కలోకి రారు. దాదాపు అయిదు గంటల ఆ పని శస్త్రచికిత్స మరునాడు మాయమవుతుందా? అది ఎవరో ఒకరి మీద పడి తీరవలెను. “మా ఇంటిలో అందరూ ఆమెను పువ్వులలో పెట్టి చూచుకొన్నారు” అని గర్వంగా చెప్పుకొనే ఇంట, ఆ అందరూ ఎవరని అడిగి చూడండి. తొమ్మిదవ తరగతి చదువుతున్న పెద్ద కూతురు. పొరుగూరినుండి తన సంసారం విడిచి వచ్చిన చెల్లెలు. డెబ్బది ఏండ్ల తల్లి. ఒక స్త్రీ విశ్రాంతిని మరొక స్త్రీ చదువుతో, మరొక స్త్రీ మోకాళ్లతో కొన్నాము. అంతమంది స్త్రీలు లేని చోట, పల్లె విడిచి ఒంటరిగా వచ్చిన కార్మికుని ఇంట, ఆమెయే లేచి పొయ్యి వెలిగిస్తుంది.

దీనికి నలువైపులనుండి వచ్చే ఆక్షేపణలు నేను ఎరుగనివి కావు. “ఆమెయే ఊరుకోదు, మేము వద్దన్నా లేచి పనిచేస్తుంది” అని భర్తలు అంటారు. నిజమే, లేస్తుంది. తాను లేవకపోతే అన్నం ఆలస్యమవుతుందనీ, ఆ ఆలస్యాన్ని అందరూ మౌనంగా సహిస్తారనీ, ఆ సహనం తనకు పెట్టే అప్పు అనీ ఆమె ఎరుగును. అప్పు తీర్చుటకు లేచిన మనిషిని ఉత్సాహంతో లేచినదని చెప్పుట తగునా? వద్దనుట ఒకటి, ఆమెకంటె ముందు లేచి చపాతీ పిండి కలుపుట వేరొకటి. మొదటిదానికి నోరు చాలును.

“కదలిక మంచిదని వైద్యులే అంటున్నారు గదా, పనిచేస్తే తప్పేమి?” అని చదువుకొన్నవారు అంటారు. కదలిక మంచిదే. భుజము బిగిసే ప్రమాదం ఎక్కువగా ఉన్న స్త్రీలకు శస్త్రచికిత్స తరువాత త్వరలోనే నిపుణుల చేత వ్యాయామాలు నేర్పిస్తే సంవత్సరం తరువాత వారి చేయి మెరుగుగా పనిచేసినదని ఇంగ్లండులో జరిగి 2021లో వెలువడిన పరిశోధన తెలిపినది. చేయి వాచినవారు సయితం నిపుణుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు ఎత్తితే వాపు హెచ్చలేదని అమెరికాలో 2009లో ప్రకటించిన మరొక పరిశోధన చూపినది. కాబట్టి ఆ చేతిని జన్మాంతం మెడకు కట్టుకొనమని చెప్పే భయస్థులు పొరబడినారు. అయితే ఈ రెండు పరిశోధనలలోను ఉన్నదేమి? నేర్పే మనిషి ఉన్నది, కొలత ఉన్నది, నొప్పి కలిగితే ఆపే స్వేచ్ఛ ఉన్నది. గోడమీద వ్రేళ్లను మెల్లగా పైకి నడిపించుట వ్యాయామము. నీళ్లు పోయేలోపల ఆరు బాల్చీలు నింపుట చాకిరి. రెంటిలోను చేయి కదిలినది గదా అని రెండూ ఒకటే అనుట, ఈత నేర్చుకొనువాడు ఏటిలో కొట్టుకొనిపోవువాడు ఇద్దరూ నీళ్లలోనే ఉన్నారనుట వంటిది.

“ఇది మన ఆచారంలో లేదు” అని పెద్దలు అనవచ్చును. నేను అంగీకరించని మాట ఇదే. స్త్రీని పడుకోబెట్టి సేవచేయుట మన ఆచారానికి బాగుగా తెలుసును. ఫరీదాబాదు వీధులలో ప్రసవించిన స్త్రీకి జాపా అనే నియమమున్నది. నలభై దినాలు ఆమెను పనికి పిలువరు. గోధుమపిండిని నేతిలో వేయించి, బాదం, జిగురు చేర్చి పంజీరీ చేసి పెడతారు. ఒళ్లు పట్టే మనిషిని పిలిపిస్తారు. మన తెలుగునాట బాలింతరాలి సంగతి వేరే చెప్పవలెనా? చన్నీళ్లు ముట్టనీయరు, చెవులలో దూది, నడుముకు కట్టు, తెల్లవారగానే కాయము, వేన్నీళ్ల స్నానము, పథ్యపు అన్నము. పుట్టింట మూడవ నెల దాటినదాకా ఆమె పుల్ల తీసి అవతల పెట్టనక్కరలేదు. ఈ ఆచారాలలో అంటు, ముట్టు, చీకటి గది వంటి దోషాలు ఉన్నవి; వాటిని నేను మెచ్చుటలేదు. కాని ఒక్క సంగతి అందులో నిక్కమైనది. బాలింత విశ్రాంతి ఆమె అడిగి పుచ్చుకొనేది కాదు. చుట్టూ ఉన్నవారి విధి. ఆమె లేచినచో సిగ్గు ఆమెది కాదు, ఇంటివారిది.

మరి ఇదే ఇంటిలో, ఇదే స్త్రీ, పదిహేను ఏండ్ల తరువాత రొమ్ము కోయించుకొని వస్తే ఆ కాయము, ఆ పథ్యము, ఆ పుట్టిల్లు ఏమైనవి? జవాబు చేదుగా ఉంటుంది. ఆనాటి విశ్రాంతి ఆమెకు ఇచ్చినది కాదు. ఒడిలోని బిడ్డకు, ఆ బిడ్డ త్రాగే పాలకు, వంశానికి ఇచ్చినది. పాలిచ్చిన రొమ్ముకు ఇల్లు పథ్యం పెట్టినది. ఆ రొమ్మే పోయిన దేహానికి పథ్యం పెట్టవలెనని దానికి తోచలేదు. ఇది ఏ ఒక్క అత్తగారి కాఠిన్యమో కాదు. స్త్రీ శరీరాన్ని దాని ఫలంతో తూచే పాత త్రాసు.

ఇంటిని మాత్రమే దోషిని చేయుట అన్యాయం. రాజ్యం చేతిలోనూ అదే త్రాసు ఉన్నది. ఆసుపత్రిలో కాన్పు జరిగితే గ్రామంలోని ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆ ఇంటికి ఆరుమారులు వెళ్లి శిశువును చూడవలెనని ప్రభుత్వం నియమం చేసినది. మెచ్చదగిన ఏర్పాటు. ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలను రొమ్ము కాన్సరు పరీక్షకు పంపించుటలో కూడ ఆ కార్యకర్తకే పాత్ర ఉన్నది. అంటే గడ్డను వెదకుటకు రాజ్యం గుమ్మందాకా వస్తుంది. గడ్డను తీసిన తరువాత చేయి లేస్తున్నదా, గొట్టంలో నీరు ఎంత, గాయం ఎర్రబడినదా అని అడుగుటకు మాత్రం నవజాత శిశువుకు ఉన్నటువంటి దినముల పట్టిక ఆమెకు లేదు. దారి అదే, గుమ్మం అదే. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం పేద కుటుంబానికి సంవత్సరానికి అయిదు లక్షలవరకు చికిత్స ఇస్తుంది. ఆసుపత్రి విడిచిన తరువాత మందులకు పరీక్షలకు 15 దినముల ఖర్చు భరిస్తుంది. అంతకుముందు ఏమీ లేనివారికి అది గొప్పయే. కాని 15 దినములలో కొందరికి గొట్టమైనా తీయరు. ఇంట తోడుండే మనిషి కూలి ఆ లెక్కలో మొదటినుండి లేదు.

కార్మిక బీమాను చూడండి. ఫరీదాబాదు వంటి ఊరికి అది ప్రాణాధారం. 1948లో చట్టమై, 1952లో కాన్పూరులోను ఢిల్లీలోను మొదలైన ఆ పథకం, కార్మికుడు జబ్బుపడినప్పుడు మందే కాదు, కూలి కూడ కావలెనని గుర్తించినది. అర్హుడైన కార్మికునికి మామూలు జబ్బులో సంవత్సరానికి 91 దినాలు కూలిలో నూటికి 70 వంతు, కాన్సరు వంటి దీర్ఘవ్యాధులలో రెండేండ్లవరకు నూటికి 80 వంతు ఇస్తారు. దేశం ఇప్పటికంటె ఎంతో పేదగా ఉన్న రోజులలో పునాది వేసిన న్యాయం ఇది. కాని అతని భార్యకు అదే వ్యాధి వస్తే? వైద్యం దొరుకుతుంది, కూలి దొరకదు, ఎందుకంటే ఆమెకు కూలి లేదు. ఆమెను చూచుకొనుటకు అతడు పని మానితే అతనికీ లేదు, ఎందుకంటే జబ్బు అతనిది కాదు. ఇద్దరిలో ఎవరు కూర్చుండినా ఇంటిలో పొయ్యి ఆరుతుంది. ఇక విశ్రాంతి అనే మాటకు అర్థమేమి? ఏ దినమూ సెలవు లేని ఆమె పని జాతి లెక్కలో పని కాకపోయినందున ఆమె అలసట కూడ జాతి లెక్కలో అలసట కాలేదు.

ఈ అన్యాయం ఇంతకాలం నిలుచుటకు మౌనం తోడ్పడినది. రొమ్ము అనే మాటను ఇంటిలో పైకి అనరు. “గడ్డ ఆపరేషన్” అంటారు. పేరు చెప్పుకొనలేని గాయానికి సెలవు అడుగుట ఎట్లు? ఆంగ్ల నవలా రచయిత్రి ఫానీ బర్నీకి 1811 సెప్టెంబరులో పారిసులో, ఆమె ఇంటిలోనే, మత్తుమందు లేని కాలంలో ఈ శస్త్రచికిత్స జరిగినది. ఆ సంగతిని అక్కకు లేఖగా వ్రాయుటకు ఆమెకు నెలలు పట్టినవి. వ్రాసినది గనుకనే ఇన్నాళ్లకు మనకు తెలిసినది. అమెరికాలో నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1980లో ప్రకటించిన కాన్సరు దినచర్యలో, కృత్రిమ రొమ్ము పెట్టుకొని మునుపటివలె కనబడుమని తనమీద వచ్చిన ఒత్తిడిని ఎదిరించినది. కావలెననుకొన్న స్త్రీ దానిని ధరించవచ్చును. అది ఆమె ఇష్టం. కాని చూచేవారి మనసు కుదుటపడుటకై ముందు ఆకారాన్ని సరిచేసి, చేతి సంగతి తరువాత చూతమనే తొందర మన ఇండ్లలోనూ ఉన్నది. చుట్టాలు వచ్చేసరికి పైట నిండుగా ఉంటే ఆమె కోలుకొన్నదని నిర్ణయించుకొంటాము.

ఏమి చేయవలెనంటారా? అసాధ్యమైనవి నేను అడుగుటలేదు. విశ్రాంతిని మందువలె వ్రాయండి: ఇన్ని వారాలు బరువు ఎత్తరాదు, ఇన్ని దినాలు పొయ్యివద్దకు పోరాదు, ఈ వ్యాయామం దినానికి ఇన్నిమారులు. ఆ కాగితం రోగి చదివే భాషలో ఉండవలెను. దానిని ఆమె చేతికి మాత్రమే ఇవ్వక, ఇంటిలో పెద్దమనిషి అనిపించుకొనే పురుషుని ఎదుట చదివి, గొట్టంలో నీరు కొలుచుట అతని చేత చేయించి చూచి మరీ పంపవలెను. శిశువుకు ఉన్నట్లు ఆమెకు కూడ ఆరు సందర్శనాలు నియమించండి; వెళ్లే కార్యకర్తకు ఆ పనికి తగిన వేతనం ఇవ్వండి, లేకున్న ఒక స్త్రీ ఉచిత చాకిరిని మరొక స్త్రీకి మార్చినట్లే అవుతుంది. బీమా ఉన్న కార్మికుని భార్య శస్త్రచికిత్సకు పోయినప్పుడు అతనికి తోడుండే సెలవు, ఆ సెలవుకు కూలి ఇవ్వండి. ఆయుష్మాన్ పథకంలో 15 దినముల గడువును ఆ వ్యాధి చికిత్స ముగిసేదాకా పొడిగించండి.

ధనం ఎక్కడిదని అడిగేవారు ఒక్కటి ఆలోచించవలెను. బిగిసిన భుజంతో కిరణచికిత్స తప్పిన స్త్రీకి అంతవరకు చేసిన ఖర్చు ఏమైనది? చేయి వాచి జీవితాంతం కుట్టుపనికో కూలిపనికో దూరమైన స్త్రీ నష్టాన్ని ఎవరు కట్టినారు? ఆ సొమ్ము ఈనాడు కూడ ఖర్చవుతూనే ఉన్నది. దానిని ఆమె శరీరం చెల్లిస్తున్నది గనుక ఖజానాకు కనబడుటలేదు.

ఇక ఇంటి పురుషులతో ఒక్కమాట. చట్టం వచ్చేదాకా పొయ్యి ఆగదు. బాలింతకు కాయము తినిపించిన ఇంటివారే మీరు. ఎట్లు చేయవలెనో మీకు ఒకరు నేర్పనక్కరలేదు. రేపు ఉదయం నీళ్లు వచ్చే వేళకు ఆమెకంటె ముందు లేచి బాల్చీ పట్టండి. ఎల్లుండి కూడ లేవండి. ఆమె చేయి గోడమీద ఎంత ఎత్తుకు పోయినదో బొగ్గుతో గీత గీయండి. ఆ గీత తలపైకి వచ్చినదాకా ఆ బాల్చీ మీదే.